మీకు తెలుసా? నాగలి ముట్టని నేలలో పూలు

కొన్నేళ్ల కిందటి మాట. నవంబర్ 2, సమాధుల పండుగ. ఖమ్మం జిల్లాలోని మా ఊరి సమాధుల తోటకి మా మేనత్తతో కలిసి వెళ్లాను. ఆమె చేతిలో సున్నం బకెట్టు, నా చేతిలో దోకుడుపార. నాయనమ్మ సమాధి చుట్టూ గడ్డి చెక్కుకుంటూ వచ్చి, తలాపి దగ్గర మొలిచిన బిళ్ళగన్నేరు మీద పార వేయబోయాను. అత్తమ్మ గబుక్కున నా మణికట్టు పట్టుకుంది.

"దాని జోలికి పోకురా. మనం పెట్టింది కాదు, దానంతటదే వచ్చింది. నీళ్లడగదు, మేక ముట్టదు. మనం ఏడాదికోసారి వస్తాం. అది రోజూ ఉంటది అమ్మ దగ్గర."

సమాధుల తోటను శుభ్రం చేయడమంటే నేల కనపడేదాకా చెక్కేయడమే అనుకునేవాణ్ణి. అత్తమ్మ మాట విన్నాక, వేరే చోట్ల ఈ పని ఎలా చేస్తారో వెతికి చదవడం మొదలుపెట్టాను. దొరికిన సంగతుల్లో కొన్ని ఇవి.

గడ్డిమందును శ్మశానంలోకి కూడా రానివ్వని దేశం ఒకటుంది

అది ఫ్రాన్స్. అక్కడి శ్మశానాలు చాలాకాలంగా కంకర నేలలు. సమాధికీ సమాధికీ మధ్య జానెడు సందు, దారుల నిండా గులకరాళ్లు, ఎక్కడా ఒక్క పచ్చని పోచ కనపడకూడదన్న పట్టుదల. పోచ కనపడిందంటే పోయినవాళ్లను ఎవరూ పట్టించుకోవడం లేదని చెప్పుకునేవాళ్లు. ఆ కంకరను బోడిగా ఉంచేది గడ్డిమందే. 2014లో చేసిన ఒక చట్టం 2017 జనవరి 1 నుంచి పార్కుల్లో, రోడ్ల పక్కన రసాయన మందులు మాన్పించింది. శ్మశానాలను మాత్రం అప్పటికి వదిలేసింది. 2022 జూలై 1 నుంచి వాటికీ ఆ నియమం వర్తించింది. వెర్సాయ్ లాంటి కొన్ని ఊళ్లు చట్టం కోసం చూడకుండా ముందే మారాయి.

మందు ఆపగానే వచ్చిన ప్రశ్న ఒక్కటే. వేల సమాధుల మధ్య కంకరలో మొలిచే కలుపును ఎవరు పీకుతారు? చేత్తో పీకించాలంటే ఎంతమంది కూలీలూ చాలరు. అందుకని తోటమాలులు పనిని తలకిందులు చేశారు. వెడల్పు దారుల్లో గడ్డి విత్తనం చల్లారు, దాన్ని యంత్రంతో అప్పుడప్పుడు కత్తిరిస్తే సరిపోతుంది. యంత్రం పట్టని సందుల్లో సెడమ్ అనే మొక్కను పరిచారు. సెడమ్ మన రణపాల కుటుంబానిదే. దళసరి ఆకుల్లో నీళ్లు దాచుకుంటుంది, జానెడు కూడా ఎత్తు పెరగదు, వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి సమాధి రాళ్లను కదల్చదు. ఒకసారి చాపలా అల్లుకుందంటే కలుపు విత్తనానికి వెలుతురు అందదు. ఎండాకాలంలో చిన్న చిన్న చుక్కల్లాంటి పసుపు, తెలుపు, గులాబీ పూలు పూస్తుంది. తేనెటీగలు వాటిమీదే ఉంటాయి.

మొదట్లో కుటుంబాల వాళ్లు ఫిర్యాదులు చేశారు. శ్మశానాన్ని పాడుబెట్టారన్నారు. ఊరి సంఘాలు గేటు దగ్గర బోర్డులు పెట్టి, ఇది వదిలేయడం కాదు, పద్ధతి మార్చడం అని చెప్పుకోవలసి వచ్చింది. నా మట్టుకు నాకు ఈ కథలో కనపడిన అసలు విషయం ఇది: మన చేత ఎక్కువ చాకిరీ చేయించేది బోడి నేలే. ఖాళీగా ఉంచిన ప్రతి అంగుళాన్నీ ఏదో ఒక మొక్క ఆక్రమించాలని చూస్తూనే ఉంటుంది. ఆ ఖాళీని మనకు నచ్చిన మొక్కతో నింపేస్తే కొట్లాట సగానికి సగం తగ్గిపోతుంది.

గడ్డి పొగరు అణిచే పువ్వు ఉంది

ప్రకాశం జిల్లా రైతులకు పొగాకు మల్లె గురించి చెప్పక్కర్లేదు. పొగాకు వేరును పట్టుకుని దాని సారం తాగి బతికే మొక్క అది. ఇంగ్లండ్‌లోని పాత చర్చి ఆవరణల్లో ఆ కుటుంబానికే చెందిన మొక్కను కావాలని విత్తుతారు. పేరు ఎల్లో రాటిల్. రాటిల్ అంటే గిలక్కాయ. జనుము కాయ ఎండితే లోపల గింజలు గలగలమన్నట్టే దీని కాయా మోగుతుంది. పూలు పసుపు రంగు, చిన్న ముక్కుల్లా ఉంటాయి.

ఇది గడ్డి వేళ్లకు తన వేళ్లు తగిలించి నీళ్లు, పోషకాలు లాక్కుంటుంది. దాంతో గడ్డి గిడసబారుతుంది. మోకాలెత్తు పెరగాల్సిన గడ్డి పలచబడితే, దాని నీడలో ఊపిరాడని చిన్న పూల మొక్కలకు చోటు దొరుకుతుంది. పొగాకు చేలో దొంగ అనిపించుకున్న గుణమే సమాధుల మధ్య తోటమాలిగా పనికొస్తోంది. ఇది ఏడాది మొక్క. గింజకు చలికాలపు చలి తగిలితేనే మొలక వస్తుంది. అందుకే గడ్డిని బాగా దగ్గరగా కోసి, నేల కనపడేలా గీరి, చలి రాకముందే కొత్త గింజలు చల్లుతారు.

దీనికి తోడు ఇంకో పని తప్పకుండా చేయాలి. ఎండాకాలం చివర పూలన్నీ గింజ కట్టాక ఒకసారి కోసి, కోసిన గడ్డిని అక్కడే వదలకుండా ఎత్తేయాలి. మన పొలం లెక్కకు ఇది పూర్తిగా విరుద్ధం. మనం నేలకు బలం చేకూర్చాలని చూస్తాం. అడవి పూలకు మాత్రం సారం తక్కువ నేలే ఇష్టం. బలమైన నేలలో గడ్డే గెలుస్తుంది. గడ్డి కుళ్లి నేలలో కలవకుండా ఏటా ఎత్తేస్తే నేల కొద్దికొద్దిగా సారం కోల్పోతుంది, ఆ కొద్దీ పూల రకాలు పెరుగుతాయి. వారానికోసారి యంత్రం తిప్పే పని, ఏడాదికి ఒకటి రెండు కోతలకు దిగుతుంది. నడవడానికి దారులు, సమాధుల దగ్గరికి వెళ్లే సన్నటి బాటలు మాత్రం పొట్టిగా కత్తిరించి ఉంచుతారు. ఆ రెండు గీతల మధ్య పూలు ఎంత ఎత్తు పెరిగినా, చూసేవాళ్లకు ఎవరో శ్రద్ధగా చూసుకుంటున్నారనే అనిపిస్తుంది.

1930ల నుంచి యాభై ఏళ్లలో బ్రిటన్ తన పూల పచ్చికబయళ్లలో 97 శాతం పోగొట్టుకుంది. దున్నారు, ఎరువులు వేశారు. చర్చి పక్కన సమాధులున్న ఎకరం అరెకరం మాత్రం ఎవరూ దున్నలేదు. అందుకే కేరింగ్ ఫర్ గాడ్స్ ఏకర్ అనే సంస్థ ఆ తునకలను కాపాడటమే పనిగా పెట్టుకుంది.

సమాధి రాయి మీద మట్టి చింది పడకుండా పూలు నాటుతారు

యుద్ధాల్లో చనిపోయిన కామన్వెల్త్ సైనికుల సమాధులను చూసుకునే సంఘం 1917లో ఏర్పడింది. సుమారు 150 దేశాల్లో 17 లక్షల మంది పేర్లు దాని సంరక్షణలో ఉన్నాయి. చెన్నై నందంబాక్కంలో ఉన్న యుద్ధ శ్మశానవాటిక కూడా దాని కిందిదే. చెన్నైలో ఉంటున్న తెలుగువాళ్లు ఒకసారి వెళ్లి చూడదగ్గ చోటు.

ఆ సంఘానికి మొదట్లో మొక్కల విషయం చెప్పినవాళ్లు మామూలు మనుషులు కాదు. లండన్‌లోని క్యూ ఉద్యానవనం నుంచి ఆర్థర్ హిల్ ఫ్రాన్స్ యుద్ధభూములకు వెళ్లి నేలను పరిశీలించి వచ్చాడు. ఇంగ్లండ్‌లో పేరుమోసిన తోటల రూపకర్త గెర్ట్రూడ్ జెకిల్ నాటే పద్ధతులు గీసి ఇచ్చింది. ఇంగ్లండ్ పల్లె ఇంటి ముందు కనపడే పూలే ఇక్కడా కనపడాలని ఆమె ఉద్దేశం. ఇంటికి తిరిగి రాని కొడుకు దగ్గరికి ఇంటి పెరడు వెళ్లినట్టు.

ఈ యుద్ధ సమాధుల వరసల్లో ఒక చిన్న సంగతి దగ్గర నుంచి చూడాలి. తెల్లరాయి ఎత్తు 81 సెంటీమీటర్లు. రాళ్ల వరస పొడవునా సన్నటి పూల పాదు. రాయికి సరిగ్గా ముందు, చెక్కిన అక్షరాల కింద, పొట్టి మొక్కలు పెడతారు. రాయికీ రాయికీ మధ్య సందులో గులాబీలాంటి కొంచెం పొడుగు మొక్కలు. పొట్టి మొక్కల పని అందం ఒక్కటే కాదు. వాన పడ్డప్పుడు బోడి నేల మీద చినుకు తగిలి మట్టి ఎగిరి రాతి మీద పడుతుంది. ఏళ్ల తరబడి పడితే మరక పట్టి పేరు మసకబారుతుంది. ఆకులు అడ్డముంటే చినుకు బలం ఆకు దగ్గరే ఆగిపోతుంది. పేరు కడగాల్సిన అవసరం తగ్గుతుంది. పువ్వు పేరును కాపాడుతోందన్నమాట. నేను చదివినవాటిలో నా మనసుకు బాగా హత్తుకున్నది ఇదే.

ఎర్ర గసగసాల పువ్వు యుద్ధ సమాధుల గుర్తు ఎందుకయ్యిందంటే

ఆ గింజ చీకట్లో, నేల లోపల దశాబ్దాలు నిద్రపోగలదు. నేల తిరగబడి వెలుతురు తగిలితే లేస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియంలోని ఫ్లాండర్స్ నేలను ఫిరంగులు, కందకాలు, గోతులు తిరగేశాయి. కొత్త సమాధుల మీద ఎర్రగా పూసిన ఆ పూలను చూసే కెనడా సైనిక వైద్యుడు జాన్ మెక్‌క్రే 1915లో తన ప్రసిద్ధ పద్యం రాశాడు. ఆ పూలు ఎవరూ నాటినవి కాదు.

అమెరికాలో ఒక రాష్ట్రపు పాత నేల ఎలా ఉండేదో తెలియాలంటే శ్మశానాలకే వెళ్లాలి

ఇల్లినాయ్ రాష్ట్రానికి ప్రెయిరీ రాష్ట్రమని పేరు. ఒకప్పుడు అక్కడ 2 కోట్ల 20 లక్షల ఎకరాల్లో మనిషెత్తు గడ్డీ, పూలూ ఉండేవి, అదే ప్రెయిరీ. ఆ వేళ్ల అల్లికను మామూలు నాగళ్లు చీల్చలేకపోయాయి. 1837లో జాన్ డీర్ అనే కమ్మరి ఉక్కు నాగలి తయారుచేశాడు. ఆ తరవాత కొద్ది తరాల్లోనే అంతా మొక్కజొన్న చేలయింది. పాత ప్రెయిరీలో బాగా మిగిలింది పదివేల వంతుల్లో ఒక వంతు.

ఆ ఒక వంతులో కొంత ఎక్కడుందంటే, తొలి వలస రైతులు తమవాళ్లను పూడ్చుకున్న చిన్న చిన్న శ్మశానాల్లో. కంచె వేశారు కాబట్టి పశువులు మేయలేదు, సమాధులు ఉన్నాయి కాబట్టి నాగలి పోలేదు. మెక్‌లీన్ కౌంటీలోని వెస్టన్ శ్మశానం అలాంటిదే. 5 ఎకరాలు. చుట్టూ కంటికి ఆనినంత మేర మొక్కజొన్న, సోయా. మధ్యలో రాళ్లు, వాటి మధ్య నాగలి రాకముందటి పూలు.

రాబర్ట్ బెట్జ్ అనే జీవశాస్త్ర ఆచార్యుడు ఇలాంటి శ్మశానాలను వెతుక్కుంటూ రాష్ట్రమంతా తిరిగాడు. గడ్డి కోసే యంత్రాలు ఆపమని వాటి ధర్మకర్తలను ఒప్పించాడు. కోత ఆగితే, కొన్ని చోట్ల చనిపోయాయనుకున్న మొక్కలు పాత వేళ్ల నుంచే మళ్లీ లేచాయి. అక్కడ ఇంకో సంరక్షణ పద్ధతి ఉంది, మనవాళ్లు వింటే ఆశ్చర్యపోతారు. పొడి గడ్డికి జాగ్రత్తగా నిప్పు పెడతారు. ప్రెయిరీ మొక్కల ప్రాణం నేల లోపల ఉంటుంది. మంట పైనున్న ఎండు గడ్డినీ, బయటి నుంచి వచ్చిన చెట్లనూ తినేసి వెళ్లిపోతుంది. కొన్ని వారాల్లో బూడిదలోంచి పచ్చగా లేస్తుంది. 1970ల్లో ఫెర్మీల్యాబ్ కణ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం స్థలంలో పాత ప్రెయిరీని తిరిగి పెంచే పనికి ముందు నిలిచినవాడు కూడా ఈ బెట్జే.

ఇలాంటి శ్మశాన ప్రెయిరీల గురించి ఒక విచారకరమైన సంగతి కూడా ఉంది. ప్రకృతి గురించి రాసిన గొప్ప అమెరికన్ రచయిత ఆల్డో లియోపోల్డ్, తాను చనిపోయాక 1949లో వెలువడిన పుస్తకంలో, విస్కాన్సిన్‌లోని ఒక పల్లె శ్మశానం మూల గురించి రాశాడు. గజం చదరం నేల. యంత్రం పోలేని ఆ మూలలో సిల్ఫియం అనే మొక్క ఒకటి ప్రతి జూలైలో పొద్దుతిరుగుడులాంటి పసుపు పూలు పూసేది. ఆయన ఏటా ఆ దారిన వెళ్తూ దాన్ని చూసేవాడు. ఒక ఏడు వెళ్లేసరికి రోడ్డు పనివాళ్లు కంచె తీసేసి దాన్ని కోసేశారు. ఆ దారిన ఏటా వేల కార్లు వెళ్లేవి. ఆ మొక్క పోయిందని గమనించినవాళ్లు ఎందరు అన్నదే ఆయన బాధ. చెడ్డవాళ్లు చేసిన పని కాదది. శుభ్రం చేస్తున్నామనుకున్న మనుషులు చేసిన పని. నేనూ ఆ రోజు దోకుడుపార ఎత్తినవాణ్ణే. అందుకే ఈ సంగతి నన్ను వదలదు.

టర్కీలో ఆర్కిడ్లకు శ్మశానమే ఆశ్రయం

అక్కడ అడవి ఆర్కిడ్ల దుంపలను ఎండబెట్టి పొడి చేసి సాలెప్ అనే వేడి పానీయం చేసుకుంటారు, ఐస్‌క్రీములో కూడా వాడతారు. మన ఆయుర్వేద దుకాణాల్లో సాలబ్ మిశ్రి పేరుతో దొరికేదీ ఆ జాతి సరుకే. కిలో పొడికి వెయ్యికి పైగా దుంపలు తవ్వాలి. చాలా కొండలు తవ్వేశారు. శ్మశానంలో మాత్రం గడ్డపార వేయడానికి చాలామందికి చేయి రాదు. టర్కీ శ్మశానాల్లో హంగరీ వృక్షశాస్త్రజ్ఞులు వెతికితే చాలా చోట్ల ఆర్కిడ్లు కనపడ్డాయి. ఏ అటవీశాఖా వేయలేని కాపలా అది.

ఒక పువ్వు మనిషి చేతి మీదుగా తప్ప ప్రయాణం చేయలేదు

కశ్మీర్‌లో వసంతకాలంలో పాత ఖబరస్తాన్‌ల మీద తెల్లగా, ఊదాగా ఐరిస్ పూలు కనపడతాయి. అల్లందుంపలాంటి దాని దుంప ఏటవాలు మట్టిని పట్టి ఉంచుతుంది, ఎండకు ఓర్చుకుంటుంది, ఏడాదంతా మరిచిపోయినా మళ్లీ పూస్తుంది. అంతకంటే విశేషమైన కథ అరేబియా ప్రాంతపు తెల్ల ఐరిస్‌ది. ముస్లింలు తాము వెళ్లిన చోటల్లా దాన్ని సమాధుల మీద నాటారు. అలా స్పెయిన్ దాకా వెళ్లింది, అక్కడి నుంచి స్పెయిన్ వాళ్లతో అమెరికా ఖండానికి చేరింది. చిత్రమేమంటే అది గొడ్డు మొక్క, గింజ కట్టదు. గాలి మోయలేదు, పిట్ట మోయలేదు. దుంప విరిచి ఒకరు ఇంకొకరికి ఇస్తేనే పోతుంది. ఇవాళ ఎక్కడ ఆ పొద కనపడినా, ఎవరో ఒకరు తమవాళ్ల కోసం మోసుకొచ్చి నాటినట్టే లెక్క.

జపాన్‌లో సమాధులకు కాపలా కాసే ఎర్ర పువ్వు కథా ఇలాంటిదే. హిగాన్‌బానా అంటారు. హిగాన్ అంటే పగలూ రాత్రీ సమానమయ్యే వారం, పెద్దల సమాధుల దగ్గరికి వెళ్లే వారం. సరిగ్గా అప్పుడే ఆకు లేకుండా కాడ మీద ఎర్రగా విచ్చుకుంటుంది. దాని దుంప విషం. శవాన్ని పూడ్చే రోజుల్లో నేల తవ్వే జంతువులు దగ్గరికి రాకుండా చుట్టూ దాన్ని నాటేవాళ్లు. అక్కడున్నదీ గింజ కట్టని రకమే.

బిర్యానీలో వేసే రాతిపువ్వు, సమాధి రాళ్ల మీద గడియారం

మసాలా దినుసుల్లో నల్లగా, ముడతలు పడి, చెట్టు బెరడులా ఉండే రాతిపువ్వు నిజానికి పువ్వు కాదు. లైకెన్. నాచూ బూజూ కలిసి కాపురం చేసే జీవి. బ్రిటన్‌లో ఉన్న దాదాపు 2,000 రకాల లైకెన్లలో 700కి పైగా చర్చి ఆవరణల్లో దొరికాయి. రాతి కొండలు లేని మైదానాల్లో వాటికి దొరికే పాత రాయి సమాధి రాయే మరి. బూడిదరంగు, నారింజ, ఆవపసుపు మచ్చలుగా, ఏడాదికి మిల్లీమీటరో అంతకంటే తక్కువో పెరుగుతాయి.

సమాధి రాయి మీద తేదీ ఉంటుంది. రాయి ఎప్పటిదో తెలుసు, మచ్చ ఎంత వెడల్పో కొలవొచ్చు. ఆ రెండూ కలిపి లైకెన్ వయసు లెక్కగట్టవచ్చని రోలాండ్ బెషెల్ అనే శాస్త్రవేత్త 1950లో ఆస్ట్రియా శ్మశానాల్లో కొలిచి చూపించాడు. ఆ లెక్కతోనే హిమానీనదాలు ఎప్పుడు వెనక్కి జరిగాయో చెప్పగలిగారు. కాబట్టి పాత రాయిని ఇనుప బ్రష్‌తో, యాసిడ్‌తో తోమే ముందు ఒక్క నిమిషం ఆగండి. వందేళ్ల ప్రాణి పోతుంది, రాయి పై పొర కూడా పోతుంది.

చామంతి ఇక్కడ జడలోకి, అక్కడ సమాధికి

ఫ్రాన్స్‌లో ఎవరింటికైనా భోజనానికి వెళ్తూ చామంతులు తీసుకెళ్లకండి. అది సమాధుల పువ్వు. 1919 నవంబర్ 11న, యుద్ధం ముగిసిన తొలి సంవత్సరీకానికి సైనికుల సమాధులను పూలతో నింపినప్పటి నుంచి అది మరీ బలపడింది. ఆ కాలంలో చలికి తట్టుకుని పూసేది చామంతే.

మెక్సికోలో నవంబర్ 1, 2 తేదీల్లో బంతిపూల రేకులతో దారి పరుస్తారు. ఆ రంగు, ఆ వాసన పట్టుకుని పోయినవాళ్లు ఇంటికి వస్తారని నమ్మకం. మన గుమ్మాలకు కట్టే బంతి పుట్టిల్లు ఆ మెక్సికోయే. పోర్చుగీసువాళ్లు వచ్చాకే అది మన దేశానికి చేరింది. దసరాకీ, బతుకమ్మకీ, సమాధుల పండుగకీ అదే పువ్వు.

అక్షరమాల క్రమంలో చెట్లు నాటిన శ్మశానం

లండన్‌లోని ఆబ్నీ పార్క్. 1840లో మొదలైంది. లాడిజెస్ అనే నర్సరీ వాళ్లు అంచుల వెంట 2,500 రకాల చెట్లను, పొదలను ఏ నుంచి జెడ్ దాకా వరసగా నాటి, పేర్ల పలకలు కట్టారు. గులాబీలే వెయ్యి రకాలు. సమాధి చూడ్డానికి వచ్చినవాళ్లు చెట్ల పాఠం నేర్చుకుని వెళ్లాలని. ఇప్పుడది రక్షిత ప్రకృతి వనం.

చెట్లే కాదు, జంతువులూ శ్మశానాల్లో చోటు వెతుక్కుంటాయి. ప్యారిస్‌లోని పెర్ లాషేజ్ శ్మశానం 1804 నాటిది, సుమారు 44 హెక్టార్లు. మందులు ఆపిన కొన్నేళ్లకు, 2020 లాక్‌డౌన్‌లో, దాని నిర్వాహకుడు బెనువా గాలో ఒక సాయంత్రం సమాధుల మధ్య ఆడుకుంటున్న నక్కపిల్లలను చూశాడు. వియన్నా శ్మశానాల్లో అడవి హామ్‌స్టర్లు తిరుగుతాయి. 2020లో అంతరించే అంచున ఉన్న జాతుల జాబితాకెక్కిన జంతువు అది. సమాధుల మీద పెట్టిన పూలు కొరుక్కుంటుంది, దీపాల కొవ్వొత్తి మైనం కూడా నాకుతుంది. 

సమాధి మీద మొక్క మనకు కొత్త కాదు

ఇంగ్లండ్‌లోని కార్లైల్‌లో 1993లో కెన్ వెస్ట్ అనే శ్మశాన అధికారి రాయి లేకుండా చెట్టు నాటే ఖననాలు మొదలుపెడితే ప్రపంచం కొత్తగా చెప్పుకుంది. మన మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి 1671లో ప్రవేశించినదాన్ని బృందావనం అంటాం. బృంద అంటే తులసి. మధ్వ సంప్రదాయంలో యతి సమాధి రూపమే తులసికోట రూపం. ఇంటి పెరట్లో రోజూ నీళ్లు పోసే తులసికోటకూ, ఆ సమాధికీ పోలిక కాకతాళీయం కాదు.

ఇక బిళ్ళగన్నేరు సంగతి

తమిళంలో దానికి సుడుకాట్టు మల్లి అని పేరు. అంటే శ్మశానపు మల్లె. సొంత ఊరు మడగాస్కర్. ఇసుకలో, సున్నపు పెళ్లల మధ్య, ఎండకు బీటలు వారిన సమాధి గోడల సందుల్లో కూడా పెరుగుతుంది. చేదు పాలు ఉంటాయి కాబట్టి మేకలు, గొర్రెలు ముట్టవు. పన్నెండు నెలలూ పూస్తుంది. ఆ చేదులోంచే 1950ల చివరలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే ఇద్దరు విన్‌బ్లాస్టిన్ అనే మందు తీశారు. ఆ వెనకే విన్‌క్రిస్టిన్ వచ్చింది. రక్త కేన్సర్ సోకిన పిల్లలకు ఇవాళ్టికీ ఇచ్చే మందు అది. శ్మశానం పువ్వని ఇంట్లోకి రానివ్వని మొక్క, ఎందరి ఇళ్లలోనో పిల్లల్ని మిగిల్చింది.

తంగేడూ అంతే గట్టిది. తెలంగాణ రాష్ట్ర పుష్పం. నీళ్లు లేకపోయినా పూస్తుంది, పశువులు పెద్దగా మేయవు, లేత పసుపు సీతాకోకచిలుకలు దాని ఆకుల మీదే గుడ్లు పెడతాయి. గునుగు విత్తనం ఒక్కసారి రాలితే చాలు, తొలకరికి తనే వస్తుంది. బతుకమ్మ పూలలో చాలావరకు ఎవరూ సాగు చేయని నేల పూలే కదా. ఊరి పొలిమేర, చెరువు గట్టు, వల్లకాడు అంచు. పొలిమేరలు ప్లాట్లయ్యాక గునుగు కోసం బజారుకు పోతున్నాం.

మూడేళ్ల కింద మా సమాధుల తోటను బాగుచేద్దామని ఎవరో మంచి మనసుతో పొక్లెయిన్ పెట్టి మొత్తం చదును చేయించారు. సర్కారు తుమ్మ కంపలు పోయాయి, సంతోషమే. వాటితో పాటు తంగేడు పొదలు, గునుగు, నాయనమ్మ తలాపి దగ్గరి బిళ్ళగన్నేరు కూడా పోయాయి. నేల నున్నగా ఎర్రగా కనపడింది. ఆ వానాకాలానికే మొత్తం వయ్యారిభామ. తెల్లటి ముత్యాల్లాంటి పూలతో నడుమెత్తు పెరిగింది. సమాధుల మధ్యకి వెళ్లి వస్తే ఒళ్లంతా దురద, తుమ్ములు. చెక్కిన ప్రతిసారీ నేల కదిలి మళ్లీ మొలిచింది. బోడి నేల కనపడితే ముందు పరిగెత్తుకొచ్చేది అదే.

తంటెం, బంతి లాంటి మొక్కలు దట్టంగా పెంచితే వయ్యారిభామ అణుగుతుందని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. నిరుడు వేసవిలో అత్తమ్మ, నేను, చర్చి యువకులు నలుగురు కలిసి అది పూత పట్టకముందే, చేతులకు సంచులు కట్టుకుని వేళ్లతో పీకాం. తొలకరి పడగానే గింజలు చల్లాం. అత్తమ్మ ఎండిన బతుకమ్మ గునుగును చెరువులో వేసే ముందే దులిపి, పాత చీర కొంగులో మూటగట్టి దాచింది. తంటెం గట్టు మీదిది. బంతి పండుగ దండల్లోంచి తీసినది. బిళ్ళగన్నేరు కొమ్మలు పక్క వీధిలోంచి. తంగేడు గింజల తోలు మందం. వాటిని వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టమని అత్తమ్మే చెప్పింది. దారి పొడవునా మాత్రం రెండడుగుల వెడల్పున ఏమీ చల్లలేదు. మోసుకొచ్చేవాళ్ల కాళ్లకు ఏదీ అడ్డం పడకూడదు.

అన్నీ మొలవలేదు. గోడ వారన వయ్యారిభామ ఇంకా ఉంది. తంగేడు జానెడు కూడా పెరగలేదు. కానీ మొన్న నవంబర్‌లో సున్నం బకెట్టుతో వెళ్లేసరికి పాత సమాధుల వరస మధ్య గునుగు మోకాలెత్తున నిలబడి ఉంది, కొసన గులాబీ, కింద తెలుపు. అత్తమ్మ బకెట్టు కింద పెట్టి, ముందు నాయనమ్మ తలాపి దగ్గరికి వెళ్లి వంగి చూసింది.

"వచ్చిందిరా," అంది. "రెండు ఆకులు. నువ్వు పార ఇటు తేకు."